తవుడిచ్చి కొన్న పిల్ల

సత్తిరాజు రైలింజన్ల లోకోషెడ్డుకు బయల్దేరే వేళకు చద్దన్నం, ఉల్లిపాయ, భార్య విసుగు మూడూ సిద్ధంగా ఉండేవి. ఆ పొద్దున మాత్రం కలిపిన ముద్ద నోటిదాకా పోలేదు. కూతురు తవిటమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నాన్న బడికి వచ్చి తన పేరు మార్పించాలట. మెట్రిక్ పరీక్షకు పేర్లు పంపేది ఇవాళే. ఒకసారి వెళ్లిందంటే ఇక బతికినంతకాలం అదే పేరు.

ఆ పిల్ల బాధలో అబద్ధం లేదు. వాళ్లు వచ్చిన పాలకొండ పక్క ఏ వీధిలో నిలబడి తవిటమ్మా అని కేకేసినా ఇద్దరు ముగ్గురు పలుకుతారు, ఎవరూ నవ్వరు. రాయపూర్ బళ్లో ఆ పేరుకు ఈమె ఒక్కతే. కొత్తగా వచ్చిన హిందీ టీచరు బహన్‌జీ అందరినీ పేర్లకు అర్థాలు చెప్పమంది. పుష్పలూ సుశీలలూ టకటకా చెప్పేశారు. ఈ పిచ్చిపిల్ల లేచి, తవుడంటే చోకర్, పశువులకు పెడతారని ఉన్నదున్నట్టు చెప్పింది. ఇంకేముంది, ఆ రోజునుంచీ బళ్లో ఆమె పేరు చోకర్. గోల్ బజారులో కూరలు కొంటున్నా వెనకనుంచి ఎవరో ఒకరు అలా పిలిచి నవ్వేవారు.

కూతురంటే సత్తిరాజుకు ప్రాణం. సరే పద, వస్తానన్నాడు. పొయ్యి దగ్గరనుంచి అప్పలనరసమ్మ తల తిప్పకుండానే అంది.

"ఆ పేరు మార్సడానికి ఈల్లేదు."

ఎందుకు వీల్లేదో ఇంట్లో అందరికీ తెలుసు. తవిటమ్మకు ముందు పుట్టినవాళ్లెవరూ దక్కలేదు. అందుకని ఈమె పుట్టగానే పక్క క్వార్టరు సూరమ్మ పిల్లను చేటలో వేసి పెంటకుప్ప మీద పెట్టింది. తల్లి కొంగులో దోసెడు తవుడు పోసి, పిల్లను తాను కొనుక్కుంది. పారేసిన పిల్లమీద, తవుడు పాటి చేసే పిల్లమీద చావు కన్ను పడదని వాళ్ల నమ్మకం. అమ్మినా పెంచింది అప్పలనరసమ్మే. కానీ బేరం బేరమే అన్నట్టు, ఎవరడిగినా సూరమ్మ పిల్ల అనే చెప్పేది. నా కూతురని పొరపాటున కూడా అనలేదు. భయం అలాంటిది మరి. ఆ భయం అర్థమయ్యే వయసు పిల్లకు లేదు. అర్థమయ్యేలా చెప్పే ఓపిక తల్లికీ లేదు.

"నన్ను అమ్ముకున్నావు కదమ్మా. అమ్ముకున్నదానికి ఏ పేరైతే నీకేం?" అంది తవిటమ్మ.

అనకూడని మాట అది. సత్తిరాజు కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. అప్పలనరసమ్మ మాత్రం కోప్పడలేదు. ఏ పేరు పెట్టుకుంటావని మెల్లగా అడిగింది.

తవిటమ్మ మొహం వెలిగింది. "శారద. తులసి దగ్గర దీపం పెట్టినప్పుడల్లా నువ్వు అనుకునే పేరే కదమ్మా. నాకు పెట్టాలని ఉండి పెట్టలేకపోయావని, అందుకే రోజూ తలుచుకుంటున్నావని అనుకున్నాను."

అప్పలనరసమ్మ చేతిలోని గరిటె కింద పెట్టేసింది. సత్తిరాజు గోడవైపు తిరిగిపోయాడు. ఆమె కూతురి వైపు తిరిగింది.

"అది నీకోసం అనుకున్న పేరు కాదే. మీ అప్పది. మాటలు నేర్సిన పిల్ల, మశూచికంలో పోయింది. ఊరోళ్లు దాని గుడ్డలు కూడా ఉంచనీలేదు, అన్నీ కాల్సేసినారు. దానికి ఆ పేరొక్కటే మిగిలింది." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీకు నచ్చిన పేరు ఇంకేదన్నా ఎట్టుకో తల్లీ. నాను అడ్డురాను. దాని పేరు మాత్రం తీసుకోకు."

తవిటమ్మ అక్కడే కూలబడింది. ఇన్నేళ్లుగా ఆ దీపం దగ్గర అమ్మ తన గురించే అనుకుంటోందని ఎంత మురిసిపోయింది! అక్క ఉండేదని తెలుసు గాని, ఆమెకో పేరుంటుందని ఎన్నడూ తోచలేదు. తనమీద తనకే అసహ్యం వేసింది.

సత్తిరాజు గొంతు సవరించుకుని, బడికి వెళ్దామా, ఏం పేరు చెప్పమంటావని అడిగాడు. వద్దు నాన్నా, డ్యూటీకి వెళ్లు అంది. ఆయన వెళ్లాక తవిటమ్మ తల్లి దగ్గరకు జరిగింది.

"అప్ప నన్ను చూసిందా అమ్మా?"

"ఎక్కడ చూస్తాది? నువ్వప్పుడు కడుపులో ఉన్నావు. నా పొట్టమీద సెవి పెట్టి నీతో మాటాడేది."

"ఏమనేది?"

"బేగి రా, ఆడుకుందుం అనేది."

తవిటమ్మ తల్లి ఒళ్లో తల పెట్టి బావురుమంది. అప్పలనరసమ్మ ఆ తల నిమురుతూ, ఇన్నేళ్లూ ఎవరి ముందూ ఏడవని ఏడుపంతా ఏడ్చింది. అన్నం మాడిపోయింది. ఆ రోజు తవిటమ్మ బడికి ఆలస్యంగా వెళ్లింది. బహన్‌జీ పేరేం రాయమంటావని అడిగితే, తవిటమ్మ అనే చెప్పింది.