తాయప్పకు ఇచ్చేశాం

విరూపాక్ష బాయిలర్ గొట్టాల మందం కొలిచే మనిషి. థర్మల్ ప్లాంటులో యూనిట్ ఆపినప్పుడు లోపలికి దిగి, గొట్టాలు ఎంత అరిగాయో మీటరు పెట్టి చూడాలి. అంతా కాంట్రాక్టు పని. ఒకచోట అయిపోతే ఇంకోచోట వెతుక్కోవాలి. రాయచూరులో బియ్యం మిల్లు వెనక, తల్లి యంకమ్మతో ఉండే ఇంట్లో, పని లేని రోజంతా ఫోన్లో ఉద్యోగాల సైటు ముందేసుకుని కూర్చునేవాడు. కనిపించిన ప్రతి రిక్రూటరుకూ మెసేజ్ పెట్టేవాడు.

హైదరాబాదు నుంచి కీర్తి అనే ఆమె ఒక్కతే తిరిగి జవాబిచ్చేది.

“సారీ అండీ, ఆ పని తాయప్పగారికి ఇచ్చేశాం.”

మొదట్లో పట్టించుకోలేదు. బళ్లారి వైపు పని పడింది, తాయప్పకే. సోలాపూర్‌లో పడింది, అదీ తాయప్పకే. ఎవడీ తాయప్ప అని ప్రొఫైల్ తెరిచి చూశాడు. ఊరు కల్మల. తన జిల్లావాడే. తను చదివిన కోర్సే, తనకున్న అనుభవమే. ఫొటోలో హెల్మెట్ కింద ముఖం నీడలో ఉంది. కింద ఎవరెవరో మెచ్చుకుంటూ రాసినవి బోలెడు. విరూపాక్ష వాటిని ఒక్కటీ వదలకుండా చదివేవాడు. చదివిన రోజు అన్నం సయించేది కాదు.

చివరికి ఊరికి దగ్గర్లో నది ఒడ్డునున్న ప్లాంటు పని కూడా తాయప్పకే పోయింది. ఇక ఆగలేకపోయాడు. వాడి ముఖమైనా చూడాలని బైకు తీసి కల్మల వెళ్లాడు.

ఇంటి ముందు ఒకామె కందులు చెరుగుతోంది. తాయప్ప భార్య హుచ్చమ్మ ఆమేనని పక్కింటివాళ్లు చూపించారు. ఎండనపడి వచ్చాడని ముందు చెంబుతో నీళ్లిచ్చింది.

“తాయప్ప ఉన్నడా అక్కా?”

ఆమె చేట కింద పెట్టింది. “నీకు గూడ ఫోన్ల దొరికిండా?”

“ఏంది?”

“ఆయన పోయి రెండేండ్లాయె. జరం వచ్చి పోయిండు.”

“మరి పనులకు పోతున్నది ఎవరు?”

హుచ్చమ్మ వీధిలోకి ఒకసారి చూసి గొంతు తగ్గించింది. “లేడని అందరికి చెప్పిన. నిన్ననే వచ్చి పని చేసిండు గదమ్మా అని నవ్వుతరు. మంచంల పడ్డప్పుడు గూడ ఫోన్ ఇడువలే. నా పని ఇంకొకడు తీస్కుంటడని ఒకటే ఏడుపు.”

విరూపాక్షకు భయం వేయలేదు. పైగా ప్రాణం తెరిపిన పడింది. చచ్చినవాడి పేరుతో ఎవడో పనులు కొట్టేస్తున్నాడన్నమాట. దారిలోనే కీర్తికి ఫోన్ చేసి చెప్పేశాడు.

ఆమె నమ్మలేదు. “పొద్దున ఆయనతో మాట్లాడానండీ... సరే, మీ దగ్గరి ప్లాంటులో ఇద్దరు కావాలి. మీరూ వెళ్లండి.”

మర్నాడు మధ్యాహ్నం ప్లాంటుకు వెళ్లాడు. సూపర్‌వైజర్ బసవప్ప పాస్ చేతికిచ్చి, బాయిలర్‌లోకి దూరే మ్యాన్‌హోల్ వైపు చూపించాడు. “నిమ్మ జోడీ ఒళగ హోగ్యాన.” జోడీగా పనిచేయాల్సిన తాయప్ప అప్పటికే లోపలికి పోయాడట.

విరూపాక్ష తల లైటు వేసుకుని దూరాడు.

బయట మండుటెండ. లోపల అడుగు దూరం కనిపించని చీకటి. తడిసిన బూడిద వాసన, ఇనుము వాసన. నాలుక మీద కూడా బూడిదే. స్కాఫోల్డింగ్ పలకలు కాలి కింద కిర్రుమంటున్నాయి. పైన ఎక్కడో గొట్టం మీద చిన్నగా తడుతున్న చప్పుడు... ఆగింది. మళ్లీ మొదలైంది. ఈసారి దగ్గరగా.

“తాయప్పా?” అని పిలిచాడు, వాడి మోసం బయటపెట్టాలని.

చప్పుడు ఆగిపోయింది.

“మా ఇంటికి పోయినవంట.”

గుసగుస. చెవి పక్కనే.

“ఎవడ్రా నువ్వు?”

“హుచ్చమ్మ నీకు నీళ్లిచ్చింది... నాకు తలుపు తీయదు.”

విరూపాక్ష గిరుక్కున తిరిగాడు. లైటు వెలుగులో హెల్మెట్ కనిపించింది. దాని కింద... వెలుతురు దేని మీదా ఆగలేదు. నేరుగా వెనకున్న గొట్టాల మీద పడింది.

“నీకు అమ్మ ఉన్నదంట గదా.”

అంతే. మీటరు అక్కడే పడేశాడు. పలకల మీద పడ్డాడు, లేచాడు. మోచేతులు గీరుకుపోతున్నా మ్యాన్‌హోల్‌లోంచి బయటికి పాక్కుంటూ వచ్చాడు. బసవప్ప ఏదో అడిగాడు. వినిపించుకోలేదు. బైకు మీద నదిగాలి కొడుతున్నా ఒళ్లంతా చెమట. ఒకచోట బైకు ఆపాడు. అక్కడే కూలబడి, పొద్దు వాలాక మళ్లీ బయల్దేరాడు.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాడు. ఎప్పుడూ తెరిచి ఉండే తలుపు వేసి ఉంది. కొట్టాడు.

యంకమ్మ కొంచెమే తెరిచింది. “ఎవరు నాయనా?”

“నేనే అమ్మా.”

ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది. పరాయివాణ్ణి చూసినట్టు.

“మెల్లగ మాట్లాడు. మా విరూపాక్ష ఇప్పుడే పని నుంచి వచ్చి, తిని పండుకున్నడు.”

“అమ్మా... నన్ను చూడే. నేనే...”

“కల్మల తాయప్పవే గదా నువ్వు?” ఆమె గొంతులో జాలి ఉంది. “నువ్వొస్తవని వాడు చెప్పిండు. తలుపు తీయొద్దన్నడు. పో నాయనా.”

తలుపు మూసుకుంది. గడియ పడింది.

లోపల మంచం కిర్రుమంది. ఆ వెంటనే విరూపాక్షకు తన గొంతే వినిపించింది, నిద్రమత్తులో అడుగుతున్నట్టు.

“పోయిండా అమ్మా?”