పన్నెండో సీటు

నేవీ స్థావరంలో విమానాలు నిలిపే హ్యాంగర్ వెనకాల రెక్కలు పీకేసిన పాత విమానం ఒకటుండేది. చీకటి పడ్డాక దాన్లోకి ఒంటరిగా వెళ్లొద్దని నేవీ వాళ్లే చెప్పుకునేవాళ్లు. సముద్రం అడుగున జలాంతర్గాముల్ని వేటాడే మొనగాళ్లు, ఆ తుక్కుని చూస్తే తప్పుకుని తిరిగేవాళ్లు! నవ్వకండి... నరసింహం కూడా నవ్వాడు.

నరసింహం వాషింగ్టన్ రాష్ట్రంలో, సముద్రం మీద గస్తీ తిరిగే ఓ నేవీ విమానాల స్క్వాడ్రన్‌లో, సామాను తనిఖీ చేసే సివిలియన్ ఇన్‌స్పెక్టర్. 1979లో ఓ శుక్రవారం, సియాటిల్‌లో తెలుగువాళ్ల ఉగాది పార్టీకి లేటవుతోందని, ప్రాణాలు కాపాడే రబ్బరు పడవ సంచీ విప్పకుండానే "చూశాను" అని సంతకం గీకేశాడు. వారం తిరక్కుండా ఆ పడవ ఉన్న విమానం సముద్రంలో పడింది. పడవ విచ్చుకోలేదు. పదకొండు మంది చన్నీళ్లలో బిగుసుకుపోయారు.

ఎంక్వైరీలో ఏమన్నాడనుకున్నారు? "నేను విప్పి చూశాను. తర్వాత డేల్ సరిగ్గా మడిచుండడు." డేల్ ఆ పదకొండు మందిలో ఒకడు. చచ్చినవాడు లేచొచ్చి కాదంటాడా? ఛీ, ఏం మనిషండీ!

1985లో స్క్వాడ్రన్ చరిత్ర పుస్తకం వేస్తున్నారు. దాన్లోనూ ఆ ముక్కే రాసిచ్చాడు. ఆఫీసులో టైపిస్టు ఎవరంటారూ — డేల్ భార్య మార్జొరీ! ఆవిడ టైప్ చేసి, చిన్నగా అంది.

"పుస్తకం విడుదల రోజున పాతవాళ్లని విమానంలో తిప్పుతారు. ముందు మీరు డ్రిల్ చేయాలి. ఆ పదకొండు మందీ డ్రిల్ చేసిన పాత విమానంలోనే... ఇవాళ సాయంత్రం."

డిసెంబరు. ఐదింటికే కటిక చీకటి.

డ్రిల్ అంటే ఏముంది — సీట్లో కూర్చుని, బెల్టు బిగించుకుని, హెడ్‌ఫోన్‌లో ఎవరి సీటు నంబరు వాళ్లు చెప్పడం. నరసింహం పన్నెండో సీట్లో కూర్చున్నాడు. లోపల పురుగు కూడా లేదు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు.

"ఒకటి..."

గుసగుస.

"రెండు..."

వాడి పైప్రాణాలు పైనే పోయాయి. మూడు... నాలుగు... పదకొండు దాకా వచ్చి ఆగింది.

"విప్పి చూశావా?"

"చూ... చూశాను."

"విప్పి — చూశావా?"

"లేదు! బాబోయ్, లేదు! పార్టీకి లేటైందని సంతకం పెట్టేశాను! డేల్ తప్పేం లేదు!"

లైట్లు వెలిగాయి. విమానం తోకవైపు వేలాడే తెర వెనక నుంచి మార్జొరీ వచ్చింది, చేతిలో టేప్ రికార్డర్‌తో. వెనకే డేల్ స్నేహితులు ఇద్దరు. నంబర్లు చెప్పింది వాళ్లే.

"ఆరేళ్లు నా పిల్లలు తలొంచుకుని తిరిగారు," అంది పళ్లు నూరుతూ. "ఇక నువ్వు తిరుగు. పుస్తకంలో ఈ మాటలే వేయిస్తాను."

పరువు పోయింది. పోతే పోయింది, దెయ్యాలైతే కావు కదా! నరసింహం లేవబోయాడు. బెల్టు ఊడలేదు.

పాదాలు జివ్వుమన్నాయి. తర్వాత మోకాళ్లు...

"నీళ్లు! పైకొస్తున్నాయి!"

"ఏ నీళ్లు?" అంది మార్జొరీ. నేల పొడిగా ఉంది.

"ఆపు మార్జొరీ... నీకు కావలసింది చెప్పేశాగా!"

"మేమేం చేయట్లేదు!" ఆవిడే వంగి బెల్టు లాగింది. రాలేదు. వాడి పెదాలు నీలంగా మారుతుంటే కెవ్వుమంది. ఇద్దరిలో ఒకడు కత్తి కోసం పరిగెత్తాడు.

అతను కత్తితో తిరిగొచ్చేసరికి, నీళ్లు నరసింహం గడ్డం దాటాయి.