చెరపకుండా ఉంచిన గుర్తు

"నా గుర్తులన్నీ ఏమైపోయాయి?"

మ్యూజిక్ లైబ్రరీ కౌంటర్ మీద స్వరాలు అచ్చేసిన కాగితాల కట్ట దబ్బున పడింది. వయొలిన్ పెట్టె భుజాన వేసుకున్న అమ్మాయి నిప్పులు కక్కుతోంది.

కౌంటర్ వెనక లైబ్రేరియన్ చేతిలో రబ్బరు ఇంకా అలాగే ఉంది. కచేరీ అయ్యాక వాద్యకారుల పెన్సిల్ గుర్తులు చెరిపి, కాగితాలను బీరువాలో పెట్టడం అతని పని. ఉద్యోగం కొత్త, ఉత్సాహం ఎక్కువ. కచేరీ రేపనగా ఇవాళే చెరిపేశాడు.

"సారీ అండీ."

"సారీ అంటే తిరిగొస్తాయా? ఆరు పేజీల యాక్సెంట్లు! కూర్చోండి. నేను పాడతాను, మీరు పెట్టండి."

బయట వాన. ఆమె కూనిరాగం తీస్తుంటే అతను ఒత్తి వాయించాల్సిన స్వరాల నెత్తిన యాక్సెంట్ గుర్తులు, చిన్న బాణపు మొనల్లాంటివి, గీశాడు.

"అన్నిటికీ పెట్టేయనా?"

"అయ్యో రాత! అన్నీ ఒత్తితే ఇంక ఒత్తినట్టేముంది? యాక్సెంటంటే అరవడం కాదండీ. పది మాటల్లో మనసులో మాట ఒక్కటే ఉంటుంది. దాన్ని తెలిసేలా పలకడం."

అతను తలూపాడు. ప్రేమలో కూడా పడ్డాడు. ఆ సంగతి మాత్రం నోరు దాటలేదు.

రెండేళ్లు ఆమె "రబ్బరు గారూ" అని ఏడిపిస్తూ ఆ కౌంటర్ చుట్టూనే తిరిగింది. వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజున, "ఇక్కడే ఉండిపోవచ్చుగా" అన్నాడు మహానుభావుడు, గొడుగు మర్చిపోయారు అన్నంత చప్పగా. ఆమె నవ్వేసి వెళ్లిపోయింది.

ఐదేళ్లకు, ఆ ఆరు పేజీలే మళ్లీ వాయించడానికి, ఒక్క కచేరీ కోసం వచ్చింది. ఇక్కడి ఆర్కెస్ట్రాలో ఒక సీటు ఖాళీ ఉందట, చేరతారో లేదో ఈ సాయంత్రంలోగా చెప్పమన్నారట. అది విన్నప్పటి నుంచి అతనికి అన్నం సయించలేదు.

మధ్యాహ్నం కచేరీ ముగిశాక కాగితాలు తిరిగివ్వడానికి వచ్చింది.

"నాలుగో పేజీలో మన పాత గుర్తు ఒకటి మిగిలిపోయింది. రబ్బరు గారికి మతిమరుపు ఎప్పటి నుంచి?"

"మతిమరుపు కాదు. ఆ వాన రోజు అక్కడ మీరు పాట ఆపి నా వంక చూశారు. దాన్ని చెరపడానికి చెయ్యి రాలేదు."

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఆ రోజు మర్యాదకి ఉండమన్నారనుకున్నాను. స్టేషన్ దాకా వెనక్కి చూసుకుంటూనే వెళ్లాను, తెలుసా?"

అతను కౌంటర్ ఇవతలికి వచ్చేశాడు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?

"ఉండిపో!"

పక్క హాల్లో కుర్చీలు సర్దుతున్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు.

"అబ్బో! అరవడం కాదని ఆనాడే చెప్పానుగా?"

ఈసారి మెల్లగా అన్నాడు. "ఉండిపో. నాకోసం."

'నాకోసం' అన్న మాటను కాస్త ఒత్తి పలికాడు. ఆమె కళ్లు చెమ్మగిల్లాయి.

"చేరుతున్నానని చెప్పొస్తాను, ఉండండి" అంటూ కౌంటర్ మీది రబ్బరు తీసి వయొలిన్ పెట్టెలో వేసుకుంది. "ఇది మాత్రం ఇకనుంచి నా దగ్గరే ఉంటుంది. మిమ్మల్ని నమ్మలేం."