మూల మడిచిన అట్టముక్క

సోమవారం ఉదయం 9:10. మునిసిపల్ రికార్డు గదిలో నలభై ఒక్క ఫైళ్ళు మాయం.

అన్నీ ఒకే రకం. సొంతింట్లో కాపురముండేవాళ్ళకి ఆస్తి పన్ను మినహాయింపు ఇచ్చిన ఫైళ్ళు. మధ్యాహ్నం ఆడిటర్ రావాలి. మినహాయింపుల వల్ల రాబడి పడిపోయిందని, సాయంత్రం 5 గంటలకు ఫైర్ స్టేషన్ మూసివేతకు కౌన్సిల్ ఓటు వేయాలి.

తాళం పగల్లేదు. తాళంచెవి రికార్డు గుమాస్తా దగ్గరే ఉంది. ఇంకేం, దొంగ దొరికేసిందని ఆఫీసంతా తేల్చేసింది.

రెవెన్యూ ఆఫీసర్ కాగితం కూడా సిద్ధం చేశాడు. పొరపాటున పోగొట్టానని సంతకం పెడితే ట్రాన్స్‌ఫర్‌తో సరిపెడతాడట. లేకపోతే ఉద్యోగం ఊడుతుందట. ఎంత జాలిగుండె!

పోలీసు ఇన్‌స్పెక్టరమ్మ వచ్చేసరికి గుమాస్తా ఆ కాగితాన్ని బల్ల అవతలికి నెట్టేసి కూర్చుంది.

"పోగొట్టనిది పోగొట్టానని రాయను మేడమ్. ఈ మినహాయింపు లేకపోతే మా అమ్మ ఇల్లు అమ్ముకునేది. మా తమ్ముడేమో ఫైరింజన్ డ్రైవరు. ఈ రెండింటికీ తగువు పెట్టిందెవరో మీరే తేల్చండి."

ఆ మొండితనం ఇన్‌స్పెక్టరమ్మకి నచ్చింది. కానీ రుజువు కావాలి.

ర్యాకుల ముందు నిలబడింది. ఫైలు బయటికెళ్తే దాని చోట అట్టముక్క పెట్టడం ఆ గది ఆనవాయితీ. దొంగ కూడా అలవాటైన చెయ్యి ఊరుకోక నలభై ఒక్క చోట్లా అట్టలు పెట్టేశాడు. అన్నింటికీ పైమూల మడత ఉంది.

11:40. ఇండెక్స్ రిజిస్టర్లోని అడ్రసులు పట్టుకుని, నీటి మీటర్లు చూసే ఆయన్ని అడిగింది. అవన్నీ అద్దె కొంపలేనని, ఓనర్ల మొహం తానెప్పుడూ చూడలేదని ఆయన చెప్పాడు.

2:15. వెనక వరసలో దుమ్ము కొట్టుకుపోయిన పాత ర్యాకులు. అక్కడా పదిహేనేళ్ళనాటి అట్టలున్నాయి. వాటికీ అదే మడత. అప్పటి గుమాస్తా ఎవరో రిజిస్టర్లో చూసి ఇన్‌స్పెక్టరమ్మ తలాడించింది.

4:30. కౌన్సిల్ హాలు. పాత అట్ట, కొత్త అట్ట పక్కపక్కన పెట్టింది.

"నువ్వు అట్టలు మడుస్తావా?"

"లేదు మేడమ్. మడిస్తే మళ్ళీ పనికిరావు," అంది గుమాస్తా.

ఇన్‌స్పెక్టరమ్మ రెవెన్యూ ఆఫీసర్ వైపు తిరిగింది.

"పదిహేనేళ్ళ కిందట ఆ గది గుమాస్తా మీరే. అప్పటి డూప్లికేట్ తాళంచెవి తిరిగిచ్చినట్టు సంతకం లేదు. ఆ అద్దె ఇళ్ళకి మినహాయింపు రాసిచ్చిందీ మీరే. ఆడిటర్ కంట పడకూడదనే ఫైళ్ళు మాయం చేశారు."

"అట్ట మడిస్తే దొంగనైపోతానా?"

"కారు. అందుకే మీ ఇంటికి వారంటు పంపాను. 4:05కి మీ బీరువాలో నలభై ఒక్కటీ దొరికాయి."

ఛైర్మన్ గొంతు సవరించుకుని, పరువు పోతుంది, ఇది గుట్టుగా చూసుకుందాం, ఓటు మాత్రం కానిద్దాం అన్నాడు.

గుమాస్తా లేచింది. "కుదరదండీ. సొంతింట్లో ఉండేవాళ్ళ మినహాయింపు ముట్టుకోవద్దు. దొంగ మినహాయింపులు రద్దు చెయ్యండి. ఆ పన్నంతా వచ్చాక కూడా చాలకపోతే అప్పుడు ఓటు సంగతి. కాదంటే ఆ అద్దె ఇళ్ళ ఓనర్ల పేర్లన్నీ నోటీసు బోర్డుకెక్కుతాయి."

"నువ్వు గుమాస్తావి. గుర్తుంచుకో."

"గుర్తుందండీ. ఫైళ్ళు ఉండేది నా దగ్గరే."

5 గంటలకు ఓటు జరగలేదు. రెవెన్యూ ఆఫీసర్‌ని పోలీసు జీపెక్కించారు.

ఖాళీ అయిన ఆయన కుర్చీలో గుమాస్తా ఒక అట్టముక్క నిలబెట్టింది. దాని మూల మడవలేదు.