పుప్పిపన్నులో మైక్రోఫిల్మ్

ఆగండి. చేతిలో పని పక్కన పెట్టి ఇది వినండి.

1965 సెప్టెంబర్. సరిహద్దులో యుద్ధం. తాండూరు నుంచి వికారాబాద్ వైపు వెళ్ళే పాసింజర్ కూత వేసింది. నల్ల బుర్ఖా, చంకలో పాన్‌దాన్‌తో ఒక ముసలమ్మ దగ్గుకుంటూ లేడీస్ కంపార్ట్‌మెంట్ ఎక్కింది.

ఆ ముసలమ్మ పేరు ఖుద్దూస్. ఆడవేషంలో ఉన్న సీక్రెట్ ఏజెంట్!

చీఫ్ రాజేందర్ పొద్దునే బ్రీఫింగ్ ఇచ్చాడు. తాండూరు పళ్ళ డాక్టర్ శంకరప్ప విదేశీ ముఠా మనిషి. పుప్పిపన్ను తొలిచి, గుంతలో మైక్రోఫిల్మ్ పెట్టి, పైన సిల్వర్ ఫిల్లింగ్ వేస్తాడు. ఇవాళ్టి ఫిల్మ్‌లో మందుగుండు స్పెషల్ రైలు వెళ్ళే దారి, టైము ఉన్నాయి. అది వికారాబాద్‌లో ముఠాకి అందితే జవాన్లతో సహా రైలు పేలిపోతుంది. కొరియర్ ఎవరో ఆడమనిషి. ముఠాలో ఢిల్లీ పెట్టిన డబుల్ ఏజెంట్ కూడా ఉంది, కోడ్ వర్డ్ తప్ప ఆమె గురించి ఏమీ తెలీదు.

"ఒక్కటి యాదికుంచుకో ఖుద్దూస్," అన్నాడు చీఫ్. "కొత్త ఫిల్లింగ్ ఒక దినందాక గట్టిపడది. ఆ దిక్కు నములరాదు."

రైలు కదిలింది. ఖుద్దూస్ పాన్‌దాన్ తెరిచి, వెండి వరఖు చుట్టిన బీడాలు అందరికీ పంచాడు. పెద్దావిడ ఇచ్చిన పాన్ కాదనడం మర్యాద కాదు. కరణ్‌కోట గనిలో రాళ్ళు మోసే భాగమ్మ నమిలి మొహం చిట్లించింది.

"గింత సున్నమా అవ్వా? నీ కోడలెట్ల బతుకుతున్నదో."

అందరూ నవ్వారు. కిటికీ పక్కన జరీ దుపట్టాలో మెరిసిపోతున్న అందగత్తె కూడా నవ్వుతూ బీడా తీసుకుంది. ఏళ్ళ తరబడి పాన్‌తో ఆమె పెదవి కుడి మూల ఎర్రగా పండిపోయింది. బీడా మాత్రం ఎడమ బుగ్గలోకి వెళ్ళింది!

పాన్ అలవాటున్నవాళ్ళు ఊరికే బుగ్గ మార్చరు. ఖుద్దూస్ ఆమె పక్కకు జరిగి, బుర్ఖా చాటు నుంచి రివాల్వర్ ఆనించాడు. ఎందుకో కోడ్ వర్డ్ కూడా అడిగి చూడాలనిపించింది.

"బేటీ, లవంగం ఉన్నదా?"

ఆమె మొహం పాలిపోయింది. "ఉన్నది గని, ఘాటు పోయింది నానీ."

డబుల్ ఏజెంట్! పేరు రబియా. ఇవాళ శంకరప్ప ఉన్నట్టుండి ఆమెనే కుర్చీలో కూర్చోబెట్టాడట. కబురు పంపే సందు కూడా దొరకలేదట. వికారాబాద్‌లో దిగగానే ముఠా మనిషి నోరు తెరిపించి చూస్తాడు. ఫిల్లింగ్ కనిపించకపోతే అక్కడే కాల్చేస్తాడు.

దూరంగా వికారాబాద్ సిగ్నల్ కనిపిస్తోంది. ఇద్దరూ బాత్రూంలో దూరి గడియ పెట్టుకున్నారు. రబియా తలపిన్ను తీసిచ్చింది. ఖుద్దూస్ దాన్ని పన్ను దాకా తెచ్చి ఆపేశాడు.

"తవ్వు. నేను అరవ."

అరవలేదు. ఇంకా పూర్తిగా గట్టిపడని వెండి పెళ్ళలుగా రాలింది, వెనకే నెత్తురుతో ఫిల్మ్. ఇప్పుడు పన్ను ఖాళీ. రైలు స్లో అవుతోంది. రబియా పాన్‌దాన్ లాక్కుని, సున్నం ముద్దలో వెండి వరఖు కలిపింది.

"పుప్పిల సున్నమా? సచ్చిపోతవ్."

"ఉత్త పన్నుతోని దిగితే ఎట్లనన్న సస్త."

ప్లాట్‌ఫామ్ మీద ముఠా మనిషి టార్చి వేసి ఆమె నోట్లోకి చూశాడు. వెండి మెరిసింది. ఆమె కళ్ళలో ధారగా నీళ్ళు. పన్ను తొలిచిన నొప్పి అనుకుని వాడు జీపు వైపు నడిపించాడు. అనంతగిరి గుట్ట మీద ఎక్కడో ముఠా బాస్ ఉన్నాడు. అక్కడ పన్ను తెరుస్తారు, బూటకం బయటపడుతుంది.

ఖుద్దూస్ ముసుగు ఎత్తడమే సిగ్నల్, కూలీల వేషంలో ఉన్న పోలీసులు మీద పడతారు. కానీ ఇక్కడే పట్టుకుంటే బాస్ జారిపోతాడు. రబియా వెనక్కి తిరిగి, మంటతో వణుకుతూనే, వద్దని తల అడ్డంగా ఊపింది. ఆమె జీపు ఎక్కితేనే వాడి అడ్డా దొరుకుతుంది.

జీపు తలుపు మూసుకుంటోంది. ఖుద్దూస్ ముసుగు ఎత్తేశాడు.

ముఠా మనిషి దొరికాడు. ఫిల్మ్ చీఫ్ చేతికి అందింది. మందుగుండు రైలు వేరే దారిలో క్షేమంగా వెళ్ళింది. కానీ ముఠా మనిషి చేత అడ్డా చెప్పించి పోలీసులు గుట్ట ఎక్కేసరికి బాస్ కూర్చున్న కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది, బాస్ లేడు.

రబియా నల్లా కింద నోరు పుక్కిలించి పుక్కిలించి వచ్చి అంది: "నోరు కాలింది నాది. ఓపిక లేకపోయింది నీకా?"

మీరైతే ముసుగు దించుకునే ఉండేవారా?