పిట్టలకు కట్టిన ఆట

అక్టోబరు ఒకటో తారీఖు పొద్దున సుష్మిత పొయ్యి మీద ఇడ్లీలు పెట్టి వచ్చి, మామ మట్టయ్యను మంచం మీద లేపి కూర్చోబెట్టింది. వీపు వెనక రెండు దిండ్లు సర్దింది. మిర్యాలగూడలోని ఆ ఇంట్లో రెండు నెలలుగా రోజూ జరిగే పనే ఇది.

నలభై ఏళ్లు మడి దున్నిన మనిషికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. మాట ముద్దముద్దగా వస్తోంది. మూడు నెలల లోపు ఆ చేతిని కదిలిస్తేనే వస్తుంది, లేకపోతే ఇక ఆశ వదులుకోండి అన్నాడు డాక్టరు. పిసకమని రబ్బరు బంతి ఇస్తే ఎడమ చేత్తో గోడకేసి కొట్టాడు మట్టయ్య. ఆ పైన గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి లేదు, పలుకు లేదు. ఎవరు బతిమాలినా ఇటు తిరగలేదు.

ఒకరోజు కొడుకు సాయిబాబు ఏం తోచక టీవీకి గేమ్ బాక్సు తగిలించి, పాత క్రికెట్ ఆట పెట్టి, రిమోట్‌ను తండ్రి కుడి చేతిలో ఉంచాడు. బొటనవేలు నొక్కితే టీవీలో బ్యాటు ఊగుతుంది. అరగంటకు ఊగింది! ఆ రోజు మట్టయ్య రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. అప్పటినుంచి ఆ ఆటే మందు.

ఆ మందు ఈ రోజు పనిచేయలేదు. టీవీలో ఆట బొమ్మ మీద తాళం గుర్తు కనిపించింది.

"ఏందిరా, ఆట రాదేంది?" అంది సైదమ్మ, మట్టయ్య భార్య.

"తీసేసిండ్రమ్మా. నెల నెలా కట్టే ప్యాకేజీల నిన్నటిదాంక ఉండె. ఇయ్యాల్టి నుంచి లేదట. కొందామన్నా అమ్ముడే బంద్ చేసిండ్రు."

"మనింట్ల ఉన్న ఆట వాళ్లెట్ల తీస్తరు?"

"మనింట్ల యాడుందమ్మా? వాళ్ల దగ్గరుంది. మనకు సూపిస్తుండ్రు, గంతే."

సుష్మిత తల వంచుకుంది. ఆ ప్యాకేజీ ఆమె పట్టుబట్టి పెట్టించిందే. 'ఈ కాలంలో ఇంకా డిస్కులేంటండీ, అన్నీ ఆన్‌లైన్‌లో ఉంటాయిగా, ఇంటినిండా దుమ్ము తప్ప' అని తన పుట్టిల్లు కోదాడ యాసలో నెల రోజులు పోరింది.

సాయిబాబు మాత్రం నవ్వాడు. "ఫికర్ జేయకు నాయినా. గీ ఆట డిస్కు నా దగ్గరుంది. డిగ్రీల ఉన్నప్పుడు కొంటే నువ్వు తన్నినవ్ సూడు, గదే. సుష్మితా, అటక మీది అట్టపెట్టె జర దింపు."

సుష్మిత అటక వైపు వెళ్లలేదు.

ఆ అట్టపెట్టె అటక మీద లేదు. పోయిన నెలలో బతుకమ్మ పండుగ కోసం ఇల్లు దులుపుతుంటే, వేములపల్లిలో వీళ్ల పొలం కౌలుకు చేసే లచ్చిరాం వచ్చాడు. "వరి పాలు పట్టిందమ్మా, పిట్టలు కంకులు ఖతం జేస్తున్నయ్. పాత సీడీలుంటే ఇయ్యరాదు" అన్నాడు. దారానికి కట్టి వేలాడదీస్తే ఎండకు తళతళమని పిట్టలు దగ్గరికి రావు. పీడా వదిలిందని పెట్టెతో సహా అందులోని అరవై డిస్కులూ ఇచ్చేసింది. అప్పుడు మట్టయ్య మంచం మీదనుంచి ఎడమ చెయ్యెత్తి "అ... అ..." అన్నాడు. దాహమనుకుని నీళ్లిచ్చింది. ఆయన మొహం తిప్పుకున్నాడు. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

"మీకు బస్సు టైమవుతోందండీ, మీరెళ్లండి. నేను వెతికి పెడతాను" అంది. నోటికి వచ్చిన అబద్ధం అది.

సాయిబాబు కోదాడలో తన ఆఫీసుకు బయల్దేరాడు. అతను గడప దాటేసరికే మట్టయ్య చేతిలోంచి రిమోట్ జారిపోయింది. ఆయన మళ్లీ గోడవైపు తిరిగాడు.

"ఇగ అయిపోయిందే తల్లీ," సైదమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "ఈసారి తిరిగిండంటే ఇగ మర్లడు."

సుష్మిత వేములపల్లి పొలానికి స్కూటీ తీసింది. దారి పొడుగునా ఆమెకు డాక్టరు మాటే వినిపిస్తోంది. మూడు నెలల్లో ఇంక మిగిలింది ఒక్క నెల. ఆ చెయ్యి అట్లాగే ఉండిపోతే ఆ పాపం తనదే. ఆయన ముందు రోజూ ఏ మొహంతో అన్నం పెట్టాలి?

పొలమంతా తళతళలాడుతోంది. లచ్చిరాం ఆమె మాట విని నెత్తి గోక్కున్నాడు. "ఒక్కటా రెండా అమ్మా? అరవై కట్టిన. అండ్ల మీదేదో నాకేమెరుక?"

ఇద్దరూ గట్ల వెంట నడిచారు. సుష్మిత చెప్పులు బురదలో వదిలేసి ఒక్కొక్క డిస్కునూ పట్టి తిప్పి చూసింది. కార్లు, తుపాకులు, ఫుట్‌బాల్. క్రికెట్ లేదు. యాభై దాటాయి, లేదు. చివరికి కాలవ పక్క మడిలో దారం తెగి బురదలో పడి ఉంది. కడిగి చూస్తే బ్యాటు బొమ్మ కనిపించింది. వెనక్కి తిప్పితే అంతా గీతలే.

అప్పుడే ఫోను మోగింది. "యాడున్నవే?" సైదమ్మ ఏడుస్తోంది. "ఎంత పిలిచినా పలుకుతలేడు. సాయిగాన్ని ఎనక్కి రమ్మన్న. జల్ది రా!"

మళ్లీ పక్షవాతం కొట్టిందా? సుష్మిత ఉత్త కాళ్లతోనే బండి ఎక్కింది. దేవుడా, దేవుడా అనుకుంటూనే ఇల్లు చేరింది.

మట్టయ్య ఊపిరి తీస్తూనే ఉన్నాడు. కళ్లు కూడా తెరిచే ఉన్నాయి. పలకడం లేదంతే. సాయిబాబు దారిలోనే బస్సు దిగి వచ్చేశాడు. బురద కాళ్లతో నిలబడ్డ భార్యనూ, ఆమె చేతిలో డిస్కునూ చూశాడు. సుష్మిత అంతా చెప్పేసింది.

"పిట్టలకిచ్చినవా? నన్నొక్క మాట అడగకుంటనా?" ఇల్లు అదిరేలా అరిచాడు. "పొద్దున గూడ అబద్ధమే చెప్పినవ్!"

"భయమేసిందండీ!" సుష్మిత బావురుమంది. "మీరేమంటారోనని కాదు, మావయ్య చెయ్యి నావల్లే పోతుందేమోనని. చెప్పడానికి నోరు రాలేదు."

సాయిబాబు ఆమె చేతిలోని డిస్కు అందుకున్నాడు. కుర్చీలో కూలబడ్డాడు. "నాకు మాత్రం భయం లేదా? రోజూ బస్సుల కూసొని, ఇంటి నుంచి ఫోనొస్తదేమోనని సస్తున్న. జెప్తే ఇద్దరం కలిసి ఎతుకుతుంటిమి గదనే."

"ఒర్లకుండ్రి ఇద్దరూ," సైదమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. "ఎన్కట నువ్వు గివి కొంటె మీ నాయిన బయట పారేసిండు. నువ్వు మూడు దినాలు తినలే. ఇయ్యాల గవే లేవని ఆయన తింటలేడు. తండ్రీకొడుకులు ఒక్కటే తీరు!" అంటూ పళ్ల పేస్టు, మెత్తటి పాత పంచె ముక్క తెచ్చింది. "పాత పాటల సీడీ ఆగితే గిట్లనే రుద్దుతుంటిమి. రుద్దు."

సాయిబాబు డిస్కును ఒడిలో పెట్టుకుని పేస్టు రాసి గుండ్రంగా రుద్దసాగాడు. గుడ్డ కిచకిచమంది. మంచం కదిలింది.

మట్టయ్య ఇటు తిరిగాడు. కొడుకు చేతుల వైపు చూశాడు. పని తప్పుగా చేస్తే చూడలేని మనిషి ఆయన. మడిలో అయినా, ఒడిలో అయినా అంతే.

"అట్ల... గాదు," అన్నాడు. రెండు నెలల్లో అందరికీ అర్థమైన మొదటి మాట అది.

డిస్కు లాక్కుని ఎడమ చేత్తో రొమ్ముకు ఆనించుకున్నాడు. ఇక మిగిలింది కుడి చెయ్యే. అది వణుకుతూ లేచి గుడ్డ అందుకుంది. మధ్య నుంచి అంచుకు, మధ్య నుంచి అంచుకు, మెల్లగా తుడవసాగాడు. ముగ్గురూ ఆ చేతినే చూస్తున్నారు. ఆయనకు మాత్రం గీతలు తప్ప ఏమీ పట్టలేదు.

సాయిబాబు డిస్కు పెట్టాడు. బాక్సు గరగరమంది, ఆట రాలేదు. మళ్లీ పెట్టాడు. రాలేదు.

ముగ్గురూ భయంభయంగా మంచం వైపు చూశారు. ఇక గోడకు తిరుగుతాడనుకున్నారు. మట్టయ్య కోపంగా టీవీని చూసి, కుడి చెయ్యి ముందుకు చాచాడు.

"ఇటు... తే. ఇంక... తుడవాలె."

సుష్మిత కళ్ల నీళ్లతో డిస్కు తీసుకెళ్లి ఆ చేతిలోనే పెట్టింది. వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకుని దాని అంచు పట్టుకున్నాయి.