ఖాళీ అరలోంచి వచ్చిన గొంతు

ఆదివారం మధ్యాహ్నం మా రేడియో స్టేషన్‌లో ఈగలు తోలుకోవడానికి కూడా మనిషి ఉండడు. సర్వర్ గది చూసుకునేది నేను కాబట్టి నాకు మాత్రం తప్పదు. ఆ రోజు వదిన కూడా వెంట వచ్చింది.

"వాళ్ల నాన్న గొంతు ఎలా ఉంటుందని బుడ్డిది ఒకటే ప్రాణం తోడేస్తోంది. ఒక్క వార్తల ముక్క దొరికినా చాలు," అంది.

అన్నయ్య ఇక్కడే వార్తలు చదివేవాడు. బుడ్డిది కడుపులో ఉండగానే ప్రమాదంలో పోయాడు. దాన్ని చూడనేలేదు.

మా దగ్గర చాలాకాలంగా ఎవరూ ముట్టని రికార్డింగులు టేపుల్లోకి వెళ్లిపోతాయి. సర్వర్‌లో ఒట్టి పేరే మిగులుతుంది. ఆ పేరు నొక్కితే, పక్కనే అద్దాల బీరువాలో ఉన్న ఇనుప చెయ్యి సరైన అర వెతికి, టేపు తెచ్చి, దాన్ని చదివే డ్రైవులో పెడుతుంది. కాసేపు ఆగాలి, అంతే. విన్నాక టేపును తిరిగి అరలో దాచేది కూడా ఆ చెయ్యే.

కానీ అన్నయ్య టేపులు చెమ్మ పట్టి పాడైపోతే నేనే పారేశాను. సర్వర్‌లో పేర్లు కూడా తుడిచేయాలి, చేతులు రాలేదు. వదినతో ఆ సంగతి చెప్పడానికి నోరూ రాలేదు. దొరకలేదన్న మాటేదో ఆ మెషినే చెబుతుందిలే అనుకున్నాను.

"నొక్కండి వదినా," అన్నాను.

నొక్కింది.

ఏసీ హోరు. కిటికీలు లేని గదిలో చిన్న చిన్న ఆకుపచ్చ దీపాలు, వేడెక్కిన దుమ్ము వాసన. బీరువాలో ఇనుప చెయ్యి కిర్రుమంటూ పైకి వెళ్లి, ఒక ఖాళీ అర ముందు ఆగింది. లోపలికి దూరింది. ఉత్త చేత్తో బయటికొచ్చింది. ఆ ఉత్త చేతినే జాగ్రత్తగా తెచ్చి డ్రైవులో పెట్టింది.

డ్రైవు తిరగసాగింది.

"నమస్కారం. ముందుగా ముఖ్యాంశాలు..."

అన్నయ్యే! వదిన రెండు చేతులతో నోరు మూసుకుని ఏడ్చేసింది.

ఉన్నట్టుండి వార్తలు ఆగిపోయాయి. కుర్చీ జరిపిన చప్పుడు.

"బుడ్డీ... వింటున్నావా తల్లీ?"

ఆ ముద్దుపేరు పెట్టింది నేను. అన్నయ్య పోయాక.

"ఆపేద్దాం వదినా..." అన్నాను.

"వద్దు... మాట్లాడనీ."

స్పీకర్లో చిన్న పాదాల చప్పుడు. దగ్గరికి... ఇంకా దగ్గరికి...

"వచ్చేశా నాన్నా!" పకపకా నవ్వు.

అది బుడ్డిది గొంతే. కానీ బుడ్డిది ఇంట్లో మా అమ్మ దగ్గరుంది. వెంటనే ఫోన్ చేశాను. "అమ్మా, పాపేది?"

"ఎక్కడికి పోతుందిరా, నా ఒళ్లోనే ఉంది."

హమ్మయ్య అనుకున్నాను. అమ్మ గొంతు తగ్గించింది.

"కానీ ఏంటోరా... ఇందాకట్నుంచి తెగ నవ్వుతోంది. ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నోరు కదుపుతోంది. గొంతే రావట్లేదు."

వదిన అదేమీ వినలేదు. స్పీకర్‌కి చెవి ఆనించి, కళ్లు తుడుచుకుంటూ మురిసిపోతోంది. "చూశావా, తండ్రికి కథ చెబుతోంది... ఆపకు."

ఆపితే పాప గొంతు ఇంటికి చేరుతుందో, ఇంకెక్కడికి పోతుందో నాకు తెలియదు. నా వేలు మౌస్ మీదే బిగుసుకుపోయింది.

అద్దాల వెనక ఇనుప చెయ్యి, ఎవరూ ఏమీ నొక్కకుండానే, డ్రైవు దగ్గరికొచ్చి ఆగింది.